నీటిగొట్టముల అతుకులు: దేనికేది పూయవలెను?



మా ఊరు ఉయ్యాలవాడ. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనిది. 1866 నాటి కరవులో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిగారి ఊరని చెప్పినచో పెద్దలు గుర్తింతురు. తక్కినవారు నరసింహారెడ్డిగారి పేరు చెప్పి గుర్తింతురు. అట్టి ఊరినుండి వచ్చినవాడు చరిత్ర చెప్పక కొళాయిగొట్టముల అతుకులను గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. నేను ముప్పదినాలుగేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. జీవితమంతయు సంధులతోనే గడచినది. గొట్టముల అతుకులును సంధులే కదా! అధికారము అంతమాత్రమే. తక్కినది పనివారిని అడిగియు, డబ్బాలపై వ్రాసినది కండ్లద్దములు పెట్టుకొని చదివియు నేర్చుకొన్నది.

2019వ సంవత్సరము ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము జలజీవన్ మిషన్ అను పథకమును ప్రకటించినది. పల్లెలో ప్రతి యింటికి ఒక కొళాయి, మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు, ఇది దాని సంకల్పము. కొళాయి ఇంటిలోనికి వచ్చిన తరువాత అతుకును ఇంటిలోనికే వచ్చినది. వీథికొళాయి కారినచో పంచాయతీని తిట్టుదుము. ఇంటికొళాయి కారినచో తిట్టుటకు ఎవరును లేరు. క్షణమునకొక బొట్టు చొప్పున కారు అతుకు దినమునకు 86,400 బొట్లు విడుచును. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరని లెక్కించినచో అది నాలుగు లీటర్లకు పైమాట, అనగా ఒక మనిషి దినమంతయు త్రాగు నీరు.

నష్టము ఇంతటితో ముగిసినచో నేనీ ప్రసంగమునకు పూనుకొనను. అసలు భయము వేరొకటి కలదు. మన పల్లెలలో పెక్కింట నీరు దినమంతయు రాదు. ఏ గంటయో రెండు గంటలో వచ్చి ఆగును. వచ్చునపుడు గొట్టములో ఒత్తిడి యుండును, అతుకునుండి నీరు బయటికి కారును. ఆగిన పిమ్మట గొట్టములోని నీరు పల్లమునకు జారిపోవును. వెనుక శూన్యమేర్పడి గొట్టము పీల్చుట మొదలిడును. నీరు బయటికి వచ్చిన సందుననే ఇపుడు బయటి తేమ లోనికి పోవును. ఆ అతుకు మురుగుకాలువ ప్రక్కన నున్నదా, పీల్చునది మురుగే. మరునాటి ఉదయము మొదటి బిందెలో వచ్చునది అదియే. వానకాలములో ఒక వీథిలోని పిల్లలకే విరేచనములు పట్టుకొన్నపుడు నీళ్లట్యాంకును శంకింతుము. వీథిలోని అతుకులను చూడవలెనని తోచదు.

ఇక విషయమునకు వత్తును. అంగడికి పోయి "లీకు ఆపే మందు ఇయ్యి" అని అడుగువారు పలువురు. అట్టి మందు ఒక్కటి లేదు. అతుకు ఏ జాతిదో తెలిసికొనిన గాని దానికేది పూయవలెనో, అసలు పూయవలెనో అక్కరలేదో తేలదు. వ్యాకరణము చదివినవారికి ఇది సులభముగా బోధపడును. రామ, ఆలయము అను రెండు పదములు కలిసినపుడు రెండచ్చులును కరగి ఒక్క దీర్ఘమగును. ఏది యెక్కడ ముగిసినదో చూపలేము. ప్లాస్టిక్ గొట్టమును సొల్యూషనుతో అతుకుట ఇట్టిది. మా, అమ్మ అనునవి మాయమ్మ అగునపుడు నడుమ యకారము వచ్చి నిలుచును. ఇనుపగొట్టపు మరలో టేపో నారయో నిలుచుట ఇట్టిది. కొన్నియెడల సంధియే జరుగదు, రెండు పదములును తమ రూపముతోనే ప్రక్కప్రక్కన నుండును. రబ్బరువాషరు నొక్కుడుచేత నిలుచు అతుకులు ఇట్టివి. ఒకదాని సూత్రమును మరియొకదానికి పట్టించుటయే మన యిండ్లలోని కారుటకు పెక్కుపాళ్లు కారణము.

అతుకు పూత మనకు క్రొత్త విద్య కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమునకే ఒక అధ్యాయము కలదు. తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగు పువ్వులు మొదలగువానిని నీట కాచి ఎనిమిదవవంతునకు దింపి, గుగ్గిలము మున్నగు బంకలు కలుపవలెనని విధానము. అచ్చటనే సీసము ఎనిమిది పాళ్లు, కంచు రెండు పాళ్లు, ఇత్తడి ఒక పాలు కరగించు మరియొక యోగమును చెప్పబడినది. దేవాలయములలో విగ్రహమునకును పీఠమునకును నడుమ అష్టబంధనము పెట్టుదురు. లక్క, గుగ్గిలము, తేనెమైనము, పత్తి, వెన్న మొదలైనవానిని కలిపి సుత్తులతో దంచి దంచి మెత్తన చేసిన ముద్ద అది. రాతికి రాతిని అతుకునది రాతివలె బిగిసిపోవక కొంత ఒదిగియుండవలెనని ఆ పెద్దలకు తెలియును. ఈ సంగతి తరువాత రేగడినేల యొద్ద మరల అక్కరకు వచ్చును.

మొదట మర అతుకు. జీ.ఐ. గొట్టములకు, ఇత్తడి కొళాయిలకు ఉండునది ఇదియే. గొట్టపు మర కొనయందు సన్నమై లోనికి పోను పోను లావగును. బిగించుకొలది మేకువలె దిగి నొక్కుకొనును. ఐనను మరచుట్ల నడుమ సన్నని తిరుగుడు సందు మిగిలియుండును. నీరు ఆ మెట్లవెంట దిగివచ్చును. ఆ సందును నింపుటకే పూత. బలము మరది, పూతది కాదు. మరలు అరిగిపోయిన గొట్టమునకు ఎంత టేపు చుట్టినను ప్రయోజనము లేదు.

మా చిన్ననాట పనివారు ఈ సందులో జనపనార చుట్టి సఫేదా పూయుచుండిరి. నార తడిసి ఉబ్బి సందును మూయును. ఇనుపగొట్టములకు ఇది నేటికిని చెడ్డపని కాదు. చెడ్డది సఫేదాలోనిది. వెనుకటి సఫేదా సీసపు తెలుపు. దానికి బదులు వాడుచుండిన ఎఱ్ఱని పూత సింధూరము, అదియును సీసమే. అమరసింహుడు సింధూరమునకు నాగసంభవమని పేరు చెప్పినాడు, నాగమనగా సీసము. సీసము త్రాగునీటిలో దిగినచో పిల్లల మెదడునకు, పెద్దల మూత్రపిండములకు కీడు. అమెరికాలో 1986వ సంవత్సరముననే త్రాగునీటి గొట్టపుపనిలో సీసమును నిషేధించిరి. ఐనను పాతగొట్టములలో మిగిలియున్న సీసము 2014 తరువాత ఫ్లింటు నగరపు నీటిలోనికి దిగి యెంత రభస చేసినదో పత్రికలు చదివినవారెరుగుదురు. మన దేశమునను పీవీసీ గొట్టముల తయారీలో సీసమును తొలగించుటకు 2021లో నియమములు వచ్చినవి. కావున నారతో పూత వాడదలచినచో త్రాగునీటికి తగినదని, సీసము లేదని డబ్బాపై వ్రాసియున్నదానినే కొనుడు. డబ్బా లేక విడిగా పొట్లములో కట్టి యిచ్చునది వలదు.

నారకు బదులు నేడు తెల్లని టేపు వచ్చినది. టెఫ్లాన్ అని దీని ప్రసిద్ధనామము. 1938 ఏప్రిలు 6న రాయ్ ప్లంకెట్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు శీతలయంత్రపు వాయువుకొరకు శ్రమించుచుండగా సీసాలో వాయువు మాయమై తెల్లని పొడి మిగిలినది. ఆ పొడి జాతిదే ఈ టేపు. ఇది జిగురు కాదు. దేనికిని అంటుకొనకపోవుటయే దీని గుణము. జారుడుచేత మరను లోతునకు దిగనిచ్చి, మిగిలిన సందులో తాను నలిగి కూర్చుండును. చుట్టుటకొక దిక్కు కలదు. మర కొనను మీ ముఖమున కెదురుగా పట్టుకొని గడియారపు ముల్లు తిరుగు దిక్కున చుట్టవలెను. ఎదురుదిక్కున చుట్టినచో బిగించునపుడు టేపు విడి పోగై బయటికి వచ్చును. మొట్టమొదటి మరచుట్టును విడిచిపెట్టవలెను. లేనిచో టేపు తునుకలు లోనికి వ్రేలాడి కొళాయి మూతిలో చిక్కుకొనును. అర అంగుళపు మరకు మూడు మొదలు అయిదు చుట్లు చాలును. మరీ పలుచని టేపైనచో మరికొన్ని. బిగించిన తరువాత కొళాయిమూతి వంకరగా నున్నదని వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పితిరా, పాత టేపు తీసి మరల చుట్టవలసినదే. ముందుకే త్రిప్పి సరిచేయునట్లు చూచుకొనవలెను.

ప్లాస్టిక్ మరల సంగతి వేరు. మా వీథిలో ఒకయింట క్రొత్త స్నానపుగది కట్టిరి. పలకలు పరచిరి, అంతయు ముచ్చటగా నున్నది. పదిదినములు గడచిన పిమ్మట ఆ యిల్లాలు వచ్చి, "అయ్యవారూ, గోడంతా చెమ్మ పట్టింది, ఒకసారి వచ్చి చూసిపోండి" అనినది. పనివానిని పిలిపించితిమి. "గట్టిగానే బిగిచ్చినా గదా అయ్యవారూ" అని వాడు. నిజమే, గట్టిగానే బిగించినాడు; దోషము అచ్చటనే. ప్లాస్టిక్ ఎల్బోలో ఇత్తడి కొళాయిని నార దట్టముగా చుట్టి పానాతో బలముకొలది త్రిప్పినాడు. మర మేకువలె దిగి ఎల్బోను లోపలినుండి చీల్చుచుండును; నార తడిసి ఉబ్బి ఆ చీల్చుటకు తోడ్పడును. ఇనుము ఓర్చుకొనును, ప్లాస్టిక్ ఓర్వలేదు. ఆ దినమున పగులదు. పగులు వెండ్రుకవలె మొదలై దినదినము పెరుగును. నాలుగు పలకలు పగులగొట్టవలసివచ్చినది. ప్లాస్టిక్ మరకు టేపు మాత్రమే, అదియును కొద్దిగా. చేతితో బిగియునంత బిగించి, పానాతో ఒకటి లేక ఒకటిన్నర చుట్టు. కొళాయి వచ్చుచోట లోపల ఇత్తడి మర అమర్చిన ఎల్బో దొరకును. వెల కొంత ఎక్కువ, గోడ పగులగొట్టించు ఖర్చుకన్న చాల తక్కువ. నూనెతో చేసిన పూతలు, గ్రీజు ప్లాస్టిక్ గొట్టముల దగ్గరికి రానీయకుడు. కొన్ని నూనెలు సీపీవీసీని లోలోపల పెళుసుబార్చి పగిలించును.

ఇక కరగి ఒకటగు అతుకు. యూపీవీసీ గొట్టమునకు వాడు సొల్యూషను జిగురని పెక్కుమంది తలంపు. అది జిగురు కాదు. రెండు ముఖములను పైపొర కరగించును. కరగిన పొరలు కలిసి ద్రావకము ఆరిపోగా ఒక్క ముద్దయగును. అందుచేత గొట్టపు జాతికి తగిన ద్రావకము కావలెను. చన్నీటి గొట్టము యూపీవీసీ, వేన్నీటికి పనికివచ్చు లేతపసుపు గొట్టము సీపీవీసీ. సీపీవీసీకి దాని సొల్యూషనే పూయవలెను. ఒక డబ్బా మిగిలియున్నదని యూపీవీసీ సొల్యూషనును వేన్నీటి గొట్టమునకు పూసినచో చన్నీట పరీక్షించునపుడు నిలుచును. గీజరు వేసిన నాడు విడివడును.

గొట్టమును నిటారుగా కోసి, అంచున నిలిచిన పొట్టు గీకి, తడియు దుమ్మును తుడిచి, ముందు పొడిగానే దూర్చి చూడవలెను. మూడవవంతు మొదలు మూడింట రెండువంతులవరకు పోయి బిగియవలెను. వదులుగా తుదివరకు పోయినచో ఆ జోడు పనికిరాదు. పిమ్మట గొట్టముపై నిండుగాను, సాకెట్టులో పలుచగాను పూసి, దూర్చుచు పావుచుట్టు త్రిప్పి, అరనిమిషము కదలక పట్టుకొనవలెను. లేనిచో సాకెట్టు గొట్టమును వెనుకకు నెట్టివేయును. ఎక్కువ పూసిన మేలని కుమ్మరించుట తగదు. లోపల మడుగుకట్టిన ద్రావకము గొట్టమునే మెత్తన చేయును. మా నంద్యాలసీమలో వేసవి ఎండ నలువది డిగ్రీలు దాటును. మిట్టమధ్యాహ్నము ఎండలో కాగిన గొట్టమునకు పూసినచో దూర్చులోపలనే ఆరిపోవును. ఈ పని ఉదయముననే చేయించుడు. గంజివలె చిక్కబడిన డబ్బాను పారవేయుడు, పలుచన చేయ ప్రయత్నింపకుడు. దాని ఆవిరి మండునది. ప్రక్కన బీడీ, పొయ్యి వలదు, మూసిన గదిలో చేయవలదు. నీరు విడుచుటకు డబ్బాపై చెప్పినంతకాలము ఆగవలెను; ఒక దినమాగినచో నిశ్చింత.

వీథిగొట్టమునుండి ఇంటికి వచ్చు నల్లగొట్టము పాలిథీను జాతిది. దీని స్వభావము విచిత్రము: ఏ ద్రావకమునకును కరగదు, ఏ జిగురునకును అంటదు. దీనిపై సొల్యూషను పూయుట తామరాకుపై నీరు పోయుటయే. దీనిని వేడిచేత కరగించి అతుకవలెను. లేదా నట్టుతో బిగించు అతుకు వేయవలెను. ఆ అతుకులో నీటినాపునది లోపలి రబ్బరు ఉంగరము. పైనట్టు మర నొక్కుటకు మాత్రమే. ఆ మరకు టేపు చుట్టువారు కలరు. అది నిష్ప్రయోజనము, పైగా నట్టు సరిగా దిగక ఉంగరము వంకరపోవును. కొళాయికి గోడకు నడుమ వేయు వంగుడుగొట్టములును ఇట్టివే. కొననున్న రబ్బరువాషరు మెత్తగానున్నదా, గట్టిపడినదా చూడుడు. గట్టిపడినచో వాషరు మార్చుటయే మందు. ఉంగరమును దూర్చుటకు జారుడు కావలసినచో సబ్బునీరు వాడుడు. గ్రీజు రబ్బరును ఉబ్బించి చెరచును.

వంటింటి తొట్టిక్రింద ఒత్తిడి లేదు. నీరు తనంత తాను పోవును. అచ్చట తొట్టి జాలికిని తొట్టికిని నడుమ సిలికాను పూయుదురు. ఒత్తిడిగల మరలకు సిలికాను ఎన్నడును వాడరాదు, తొట్టిఅంచునకు మాత్రము మంచిదే. ఐతే మా ప్రాంతపువారికి ఒక హెచ్చరిక. మా యిండ్లలో అరుగులు, వంటగట్లు బేతంచెర్ల, కడప నాపరాళ్లవి. ఇవి సున్నపురాళ్లు. భూశాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు శిలలలో ఒకదానికి కోవెలకుంట్ల సున్నపురాయియనియే పేరు పెట్టిరి. సిలికానులో రెండు తెరగులు కలవు. ఒకటి ఆరునపుడు పులిసిన వాసన వేయును; అది ఆమ్లమును విడుచును. సున్నపురాయిపై నిమ్మరసము పడినపుడు పొంగుట చూచినారు కదా. ఆ ఆమ్లమును రాయిని అట్లే తినును, రాయి మరకపడును, పట్టు సడలును. నాపరాయికి 'న్యూట్రల్' అని వ్రాసిన రెండవ తెరగు అడిగి తీసికొనుడు. పాత సిలికానుపై క్రొత్తది అంటదు. పాతది పూర్తిగా గీకి, ఆరబెట్టి పూయవలెను.

ఆ సున్నపు గుణమే మా నీటిలోను కలదు. కొళాయి మొదట తెల్లని పొర కట్టును. కొన్నాళ్లు కారుట ఆగినట్లుండును. అది సున్నము అడ్డుపడుటయే గాని బిగింపు కాదు. పండుగకు తోమినపుడు మరల కారును.

భూమిలోని మురుగుగొట్టములను వెనుక పింగాణిగొట్టములతో వేసి, నారను సిమెంటుపాలలో ముంచి కూరి, సిమెంటుతో అతుకుచుండిరి. రాతినేలలో అవి చిరకాలము నిలిచినవి. కుందూ ఒడ్డున మాది నల్లరేగడి. వేసవిలో మనిషికాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును. ఏటేట నేల ఊపిరి పీల్చి విడుచుచుండగా గట్టి సిమెంటు అతుకు ఏమి చేయగలదు? పగులును. ఆ మురుగే ప్రక్కనున్న నీటిగొట్టమునకు ఎదురుచూచుచుండును. రేగడిలో రబ్బరు ఉంగరముగల ప్లాస్టిక్ గొట్టమును ఇసుక పరచి దానిపై వేయవలెను. అతుకు కొంత కదలినను విడదు. నీటిగొట్టమును మురుగుగొట్టమునకు దూరముగా, దానికన్న ఎత్తున నుంచవలెను. నున్నని ప్లాస్టిక్ గొట్టమునకు సిమెంటు పట్టదు. గోడలోనో స్లాబులోనో దూరుచోట గొట్టమును గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, తడియారక మునుపే ఇసుక చల్లి, ఆరిన పిమ్మట సిమెంటు వేసినచో పట్టు దొరకును. ఇది మేస్త్రీలలో తెలిసినవారు చేయుపనియే, అడిగినగాని చేయరు.

ఎమ్-సీల్ వంటి రెండుముద్దల మందును గూర్చి అడుగువారున్నారు. రెండు ముద్దలను రంగు ఏకమగువరకు పిసికి, ఆరిన ఇనుముపై తుప్పు గీకి పెట్టినచో గట్టిపడును. సెలవునాడు అంగడి మూసియున్నపుడు ఆపద్ధర్మముగా మంచిదే. కారుచున్న నీటిపై పెట్టినచో నిలువదు. ప్లాస్టిక్ నీళ్లట్యాంకు పాలిథీను కావున దానికిని అంటదు. ట్యాంకు రంధ్రమునకు ఇరువైపుల రబ్బరువాషర్లుగల అతుకే వేయవలెను.

పని ముగిసిన పిమ్మట గోడ పూయకముందే నీరు విడిచి ఒక రాత్రి ఉంచుడు. ప్రతి అతుకు క్రింద పాతపత్రిక ముక్క పరచి పరుండుడు. ఉదయము తడిసిన కాగితము ఏ అతుకు కారినదో వ్రాసియిచ్చును.

గీజరు ప్రక్కన చిన్న కవాటమొకటి వేడి పెరిగినపుడు బొట్టుబొట్టుగా నీరు విడుచును. ఇదియును కారుచున్నదని టేపు చుట్టి, బిరడా కొట్టి మూయించినవారిని చూచితిని. అది కారుట రోగము కాదు. లోపల పెరిగిన ఒత్తిడిని విడుచుటకే దానిని పెట్టిరి. మూసినచో తొట్టియే పగులవచ్చును. మరీ యెక్కువగా కారినచో కవాటమును మార్పించుడు, దాని నోటిని మాత్రము మూయకుడు.